మూడు భాషల నాట వీథిపాట

లక్సెంబర్గు వైశాల్యము 2,586 చదరపు కిలోమీటర్లు మాత్రమే. బెల్జియము, ఫ్రాన్సు, జర్మనీలు దానిని చుట్టుకొని యున్నవి. ఉక్కునకు, బ్యాంకులకు పేరుపడిన ఈ చిన్న దేశమున వీథిపాటకు కూడ ఒక చరిత్ర గలదని తెలుపు డాక్యుమెంటరీ చిత్రము ‘హమిలియుస్’. అలెన్ త్షింజా దర్శకత్వమున ఇది 2010లో వెలువడినది.

హిప్ హాప్ 1973లో న్యూయార్కు నగరపు బ్రాంక్సు పేటలో, బీదల వినోదముగా పుట్టినది. రికార్డులను చేతితో త్రిప్పి లయ కట్టుట, ఆ లయకు మాటలల్లు ‘రాప్’, నేలపై గిరికీలు కొట్టు నాట్యము, గోడలపై రంగుల వ్రాత దాని అంగములు. 1984లో ఫ్రాన్సు టెలివిజను దానికై ఒక ప్రత్యేక కార్యక్రమమునే నడిపినది. పొరుగుదేశమునకు ఆ గాలి సోకుటలో వింత లేదు.

చిత్రమునకు పేరిచ్చినది గాయకుడు కాడు; రాజధాని నడిబొడ్డున ఉండిన బస్సుల కూడలి. 1946 నుండి 1963 వరకు మేయరుగా నుండిన ఎమిల్ హమిలియుస్ పేరు దానిది. ఈ పేరు పెట్టుట ఉచితముగా నున్నది. ఎవరి బిడ్డయైనను అడుగువారు లేక నిలువగల చోటు బస్సుల కూడలియే గదా!

అయితే పాట ఏ భాషలో? అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. 1984 నాటి చట్టము లక్సెంబర్గిషును జాతీయభాషగా గుర్తించినది. శాసనములు మాత్రము ఫ్రెంచిలో వ్రాయుదురు. బడిలో పిల్లలు అక్షరములు దిద్దునది జర్మనులో, పిమ్మట ఫ్రెంచి. జనాభాలో దాదాపు సగము విదేశీయులు. వారిలో పోర్చుగీసువారు అధికులు. ఆ ఇండ్ల పిల్లవాడు ఇంట ఒక భాష, ఆటస్థలమున ఒకటి, పలకపై మరియొకటి మోయవలెను. ఈ బరువును గుర్తించియే 2022లో కొన్ని బడులలో ఫ్రెంచితో అక్షరాభ్యాసము ప్రయోగముగా ప్రారంభించిరి.

రాప్ పాట వ్యాకరణము సరిచూచుకొనుచు సాగునది కాదు. కోపము వచ్చినపుడు నోట దొర్లు భాష దానికి కావలెను. ఫ్రెంచిలో పాడినచో పారిసు వరకు శ్రోతలుందురు, కాని పారిసు గాయకులతోడనే పోటీ. లక్సెంబర్గిషులో వినువారు కొలదిమందియే. ఐనను ప్రక్కింటివాడు నవ్వును, ఉలికిపడును. ‘డె లేబ్’ వంటి బృందములు ఈ రెండవ దారినే పట్టినవి. మాటలాడుటకే గాని వ్రాతకు అంతగా వాడని భాషలో ప్రాసలు కూర్చుట చిన్న పని కాదు.

ఆ దేశమున పౌరసత్వము కోరువారు సాధారణముగా లక్సెంబర్గిషులో మాటలాడు పరీక్ష నీయవలెను. పదేండ్లు నివసించిన విదేశీయులకు పార్లమెంటు ఎన్నికలలో ఓటు నీయవచ్చునా యని 2015 జూన్ 7న ప్రజలను అడుగగా, 78 శాతము కూడదనిరి. అనగా, ఆ భాషలో ప్రాస కట్టగల వలసవారి బిడ్డడైనను పౌరసత్వపు కాగితము లేనిదే ఆ ఓటునకు దూరమే.

హమిలియుస్‌లోని ఆ పాత కట్టడములను తరువాతి కాలమున పడగొట్టిరి. 2019లో అచట పెద్ద అంగళ్ల భవనము తెరచిరి. పేరులో మేయరు మిగిలియున్నాడు. పాత కూడలిని చూడగోరువారు ఈ చిత్రమునే ఆశ్రయింపవలెను.