ముంపు మండలాలకు మడత సంచుల్లో డీజిల్!

పెట్రోలుకు మాత్రం పనికిరావు

గోదావరి వరద సన్నాహాలంటే బియ్యం, పప్పు, మందులే ముందుగా గుర్తుకొస్తాయి. రహదారులు మునిగాక వాటిని చేర్చే లాంచీ కదలాలన్నా, ఆస్పత్రి జనరేటర్ తిరగాలన్నా, సెల్‌టవర్ పనిచేయాలన్నా డీజిల్ కావాల్సిందే. 2022 జులై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే జారీ అవుతుంది. అటువంటి వేళ శబరి సైతం వెనక్కు ఎగదన్నడంతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాల్లోని అనేక గ్రామాలకు ట్యాంకరు చేరే దారి ఉండదు.

డ్రమ్ముల్లో తరలించడం సులువు కాదు. 200 లీటర్ల డ్రమ్ములో డీజిలే దాదాపు 165 కిలోలు తూగుతుంది. దాన్ని పడవ నుంచి గట్టుకు, గట్టు నుంచి గుట్టపైకి చేర్చడం ఎంత కష్టమో మోసినవారికే తెలుసు. ఖాళీ అయినా అది ఆక్రమించే చోటు తగ్గదు. రబ్బరు పూత వేసిన గట్టి బట్టతో తయారయ్యే ఇంధన సంచులను సైన్యాలు చాలాకాలంగా వాడుతున్నది ఈ ఇబ్బంది వల్లనే. ఖాళీ సంచిని చాపలా చుట్టి తిప్పి పంపవచ్చు. వాడేకొద్దీ సంచి ముడుచుకుపోతుంది గనుక లోపల గాలికి తావుండదు. సగం ఖాళీ అయిన డ్రమ్ములో గాలిలోని తేమ నీరై డీజిల్‌లో కలుస్తుంది. వానాకాలంలో ఇంజిన్లు మొరాయించడానికి అదీ ఒక కారణం.

అయితే ముల్లు, పదునైన రాయి ఈ సంచికి శత్రువులు. ఎండ తగిలితే రబ్బరు పాడవుతుంది. చదును చేసిన మెరక నేలపై, చుట్టూ మట్టికట్ట వేసి, పైన నీడ కల్పించి ఉంచాలి. సగం నింపిన సంచిని ట్రాక్టరులో తరలిస్తే లోపలి ద్రవం అటూ ఇటూ ఊగి బండినే తిరగవేసే ప్రమాదముంది.

చట్టం మాటేమిటి? 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్‌ను మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఒక్కో పాత్ర 1,000 లీటర్లు దాటకుండా లైసెన్సు లేకుండానే నిల్వ చేయవచ్చు. అయితే ఐదు లీటర్లు మించిన పాత్రకు ప్రధాన పేలుడు పదార్థాల నియంత్రణాధికారి ఆమోదం తప్పనిసరి. ఆ కార్యాలయం నాగపూర్‌లో ఉంది. నది పొంగాక అనుమతి కోసం పరుగులు తీసి ప్రయోజనం లేదు. వేసవిలోనే ఆమోదిత రకాన్ని ఎంపిక చేసుకోవాలి.

పెట్రోలు సంగతి వేరు. లైసెన్సు లేకుండా ఉంచుకోదగినది 30 లీటర్లే, అదీ అమ్మకానికి కాదు. లోహపు పాత్ర అయితే 25 లీటర్లు, గాజు లేదా పింగాణీ జాడీ అయితే ఒక్క లీటరు పరిమితి. ఈ జాబితాలో ప్లాస్టిక్ లేదు. మన్యంలో కిరాణా కొట్ల ముందు వేలాడే సీసాల పెట్రోలు ఏ లెక్కన చూసినా చట్టవిరుద్ధమే. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది. నేల వెంట పాకి పక్క గదిలోని పొయ్యిని చేరగలదు. బంకు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో దాడులు చేసి సీసాలు పగలగొడితే ఆ అమ్మకం ఆగదు, చాటుకు పోతుంది. అక్కడికి ముందుగా చేరవలసినవి బిగుతైన మూత గల లోహపు డబ్బాలు.