సీతకు ఎన్ని గదులు?

సున్నాకు విలువ లేదనేవారిని చూస్తే నాకు 'సీ' అనే కంప్యూటరు భాష గుర్తుకొస్తుంది. 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ తీర్చిన భాష అది. అందులో 'అరే' అంటే ఒకే కొలతతో వరసగా కట్టిన గదులన్నమాట. మొదటి గది నెంబరు ఒకటి కాదు, సున్నా! ఎన్ని గదులు దాటి వెళ్ళాలో చెప్పేదే ఆ నెంబరు. మొదటి గదికి దాటవలసిందేముంది?

మాటను దాచే వరసను 'స్ట్రింగు' అంటారు. సీత పేరును ఎస్, ఐ, టి, ఏ అని ఇంగ్లీషులో రాస్తే గదికొక అక్షరం చొప్పున నాలుగు గదులు. మాట అయిపోయిందని చెప్పే సున్నాకు మరొకటి. వెరసి అయిదు.

గదులు చాలకపోతే 'సీ' తనంతట తాను అడ్డుచెప్పదు. రాత పక్క గదుల్లోకి పోతుంది. 1988 నవంబరులో ఇంటర్నెట్టును అల్లాడించిన 'మోరిస్ పురుగు' దూరిన దారుల్లో ఇదొకటి.

మరి తెలుగులోనో? 'సీత' కంటికి రెండక్షరాలే. కాని యూటీఎఫ్-8 పద్ధతిలో స, గుడిదీర్ఘం, త – ఒక్కొక్కదానికి మూడేసి గదులు. సున్నాతో కలిపి పది! ఇంగ్లీషు లెక్కన అయిదే కట్టి, మిగిలింది కోసేస్తే 'స' ఒక్కటే దక్కుతుంది. గుడిదీర్ఘం మధ్యలో తెగుతుంది.

మీ ఇంట ప్రోగ్రాములు నేర్చుకునే పిల్లలుంటే నా మాటగా చెప్పండి: గదులు కట్టేముందు, వచ్చేది తెలుగు పేరేమో అడగమని.