అద్దె వ్యూహం - సొంత ఓటు

ఎన్నికలంటే ఊళ్లోకి వచ్చేవారు ఒకప్పుడు ముగ్గురే. అభ్యర్థి, ఆయన వెంట కార్యకర్తలు, గోడల మీద గుర్తులు వేసే పెయింటరు. ఈ పదేళ్ల పైచిలుకులో నాలుగో మనిషి వచ్చి చేరాడు. ఆయన పేరు కరపత్రంలో ఉండదు, ఓటింగ్ యంత్రం మీద అసలే ఉండదు. కానీ ఏ నినాదం పలకాలో, ఏ వర్గానికి ఏ హామీ ఇవ్వాలో సలహా చెప్పేది ఆయనే. ఎన్నికల వ్యూహకర్త అని ఆయనకు పేరు. ఆ వృత్తికి మన దేశంలో పేరునూ, వివాదాన్నీ సమంగా తెచ్చిపెట్టినవారు బీహారుకు చెందిన ప్రశాంత్ కిశోర్.

ప్రజారోగ్య రంగంలో పనిచేసిన ఆయన 2012లో గుజరాత్ ఎన్నికల్లో నరేంద్ర మోదీకి తోడ్పడ్డారు. 2014 లోక్‌సభ ఎన్నికల్లో టీ కొట్ల వద్ద చర్చల పేరిట సాగిన ప్రచారంతో దేశమంతటికీ తెలిశారు. మరుసటి ఏడే అదే మోదీకి ఎదురు నిలిచిన నితీశ్, లాలూ కూటమికి పనిచేశారు. 243 స్థానాల్లో ఆ కూటమికి 178 దక్కాయి. 2017లో కాంగ్రెస్ తరఫున పంజాబులో గెలుపు, ఉత్తరప్రదేశ్‌లో ఘోర పరాజయం. అక్కడ 403లో వచ్చినవి 7 మాత్రమే. 2021లో బెంగాల్లో మమత, తమిళనాడులో స్టాలిన్ గెలిచిన రోజునే ఈ పనికి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించారు.

ఆంధ్రప్రదేశ్ ప్రజలకూ ఆయన కొత్తవారేమీ కారు. 2017 జులైలో గుంటూరు దగ్గర జరిగిన ప్లీనరీలో జగన్ ఆయనను కార్యకర్తలకు పరిచయం చేశారు. 2019లో ఆ పార్టీకి 175లో 151 స్థానాలు వచ్చాయి. 2023 డిసెంబరులో కిశోర్ వచ్చి చంద్రబాబును కలిశారు. ఆయన నెలకొల్పిన ఐప్యాక్ సంస్థ మాత్రం 2024లోనూ జగన్ పార్టీకే పనిచేసింది. ఈసారి దక్కినవి 11. 151 ఇచ్చిందీ ఓటరే, 11కు దించిందీ ఓటరే. వ్యూహం గద్దెనెక్కడానికి ఆసరా కావచ్చు. అయిదేళ్ల పాలనకు మార్కులు వేసేది మాత్రం ప్రజలే.

వ్యూహకర్తల వల్ల మేలు లేదా అంటే, కొంత ఉంది. నాయకుల చెవిన పడని పల్లె గోడును సర్వేలు వారి దాకా చేరుస్తాయన్న వాదనను కొట్టిపారేయలేం. అయితే జవాబుదారీతనం మాటేమిటి? కాలువకు నీరు రాకపోతే ఎమ్మెల్యేను నిలదీయవచ్చు. హామీ నీరుగారితే, దాన్ని అల్లి ఇచ్చినవారిని ఏ ఊళ్లో వెతకాలి? అప్పటికి ఆయన మరో రాష్ట్రంలో, మరో జెండా కింద ఉంటారు. పార్టీ సిద్ధాంతమే బేరపు సరుకైతే ఏళ్ల తరబడి జెండా మోసిన గ్రామ కార్యకర్త విలువేమిటి?

ఆయనే స్వయంగా ప్రజల ముందుకు వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడాలి. 2022 అక్టోబరు 2న చంపారన్ నుంచి పాదయాత్ర మొదలుపెట్టారు. చదువు, ఉపాధి, వలసల వంటి అసలు సమస్యలే మాట్లాడారు. 2024లో జన్ సురాజ్ పార్టీ పెట్టారు. తాను పోటీ చేయకపోయినా, 2025 నవంబరు ఎన్నికల్లో దాదాపు అన్ని స్థానాల్లోనూ అభ్యర్థులను నిలిపారు. ఒక్కటీ గెలవలేదు. అత్యధికులకు డిపాజిట్లు దక్కలేదు. నితీశ్ పార్టీ 25 దాటదని ఆయన చెప్పిన జోస్యమూ తప్పింది, ఆ పార్టీకి 85 వచ్చాయి. అందరికీ ముహూర్తాలు పెట్టిన పురోహితుడి ఇంట పెళ్లి ఆగినట్టయింది.

ఈ కథ పల్లె ఓటరుకు ఇచ్చే ధైర్యం ఒక్కటే. ఓటు ఎవరి చేతి మంత్రానికీ లొంగేది కాదు. రేపు ఊళ్లోకి కొత్త నినాదం వచ్చినప్పుడు దాని అందం చూసి మురిసిపోనక్కరలేదు. ఈ హామీకి డబ్బు ఎక్కడిది, నెరవేరకపోతే పూచీ ఎవరిది అని రచ్చబండ మీదే అభ్యర్థిని అడగాలి. వ్యూహం అద్దెకు దొరుకుతుంది. పూచీ మాత్రం ఓటు అడిగినవాడే పడాలి.