బిడ్డ కంటి ఎత్తులో వైద్యశాల

బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు తల్లిదండ్రులు మంచి వైద్యుణ్ణి వెదుకుతారు. అది సహజం. అయితే వైద్యుని కన్నా ముందు ఆ బిడ్డ చూసేది ఒక గదిని. ఆ గదిలోని వెలుతురు, ఫినైల్ వాసన, తెర వెనుక నుంచి వినవచ్చే మరో బిడ్డ ఏడుపు, ఇవన్నీ కలసి వైద్యమంటే ఏమిటో ఆ పసి మనసుకు నేర్పుతాయి. పిల్లల వైద్యశాల గది ఎలా ఉండాలన్న విషయాన్ని ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఇది సంపన్నుల ముచ్చట అనుకోరాదు. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు మీదుగా రామచంద్రాపురం వరకు జాతీయ రహదారి వెంబడి, లోపలికి వెళితే పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల చుట్టూ, వేలాది శ్రామిక కుటుంబాలు నివసిస్తున్నాయి. స్థానికులతోపాటు బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవారూ ఉన్నారు. తండ్రి షిఫ్టు వదులుకుంటే ఆ పూట కూలి పోతుంది. ఇక్కడి చిన్న క్లినిక్కులు అనేకం రోడ్డు పక్క మడిగెలలోనే నడుస్తున్నాయి. ముందు షట్టరు, వెనుక కిటికీ లేని గోడ, మధ్యలో ఒక ప్లైవుడ్ అడ్డు. అంతే వైద్యశాల.

ఆ గదికి బిడ్డ ఒక్కసారి వచ్చి ఊరుకోడు. జాతీయ టీకాల పట్టిక ప్రకారం పుట్టినప్పుడు, తర్వాత 6, 10, 14 వారాలకు, 9 నెలలకు, 16 నుంచి 24 నెలల మధ్య, మళ్ళీ 5 ఏళ్లకు టీకాలు వేయించాలి. ఏడాదిన్నర వయసు వచ్చేసరికి బిడ్డ గడపను గుర్తుపడతాడు. గుర్తుపట్టి తల్లి మెడను వాటేసుకొని ఏడుస్తాడు. ఆ ఏడుపుకు జాలిపడి, కూలి పోతుందన్న బెంగ కూడా తోడై, ‘వచ్చే వారం చూద్దాంలే’ అనుకున్న కుటుంబాలు మన చుట్టూ లేవా? భయపెట్టే గది వల్ల కలిగే అసలు నష్టం ఆ రోజు ఏడుపు కాదు, రాకుండా పోయిన ఆ తర్వాతి రోజు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రిని ఎరుగని ఇల్లు మనలో ఉండదు. ఆసఫ్‌జాహీ వంశపు కోడలు నీలోఫర్ తన పరిచారిక ప్రసవంలో మరణించడం చూసి చలించిన ఫలితంగా, స్త్రీలకు, పిల్లలకు ఏర్పడిన ఆ ఆసుపత్రి 1953లో ప్రారంభమైంది. పటాన్‌చెరు పరిసరాల తల్లిదండ్రులు బిడ్డ పరిస్థితి విషమిస్తే నేటికీ అక్కడికే పరుగెత్తుతారు. కాని పెద్ద ఆసుపత్రి ఆఖరి ద్వారం. వీధి చివరి క్లినిక్కు మొదటి ద్వారం. మొదటి ద్వారం దగ్గర వెనుదిరిగిన బిడ్డ ఆఖరి ద్వారానికి ఆలస్యంగా చేరుతాడు.

ప్రభుత్వం కూడా ఈ సంగతిని గుర్తించింది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2021లో ‘ముస్కాన్’ పేరిట ఒక కార్యక్రమాన్ని ప్రవేశపెట్టింది. 12 ఏళ్ల లోపు పిల్లలకు ప్రభుత్వ ఆసుపత్రులలో అందే సేవలు పిల్లలకు అనుకూలమైన వాతావరణంలో ఉండాలన్నది దాని ఉద్దేశాలలో ఒకటి. ముస్కాన్ అంటే చిరునవ్వు అని మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

మరి ఆ వాతావరణం ఎలా ఏర్పడుతుంది? గోడకు నాలుగు కార్టూన్ బొమ్మలు అతికిస్తే చాలునని పలువురు భావిస్తారు. ఆసుపత్రి అలంకరణపై ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 4 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న దాదాపు 250 మంది పిల్లలనే అడిగి తెలుసుకున్నారు. 2008లో వెలువడిన ఆ ఫలితాలు పెద్దలను ఆశ్చర్యపరిచాయి. జోకరు బొమ్మలు పిల్లలకు నచ్చలేదు సరికదా, కాస్త పెద్ద పిల్లలు సైతం వాటిని చూస్తే భయమేస్తుందన్నారు. చెట్టు, చందమామ, నక్షత్రాలు, మన మస్జిదుల గోడలపై కనిపించే రేఖాగణిత నమూనాలు, ఇవి ఏ బిడ్డనూ బెదిరించవు. అయితే వాటిని పెద్దల కంటి ఎత్తులో కాక, నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తులో వేయించాలి. చూడవలసినవాడు అక్కడ ఉంటాడు గనుక.

రంగుల కన్నా ముఖ్యమైనది గాలి. తట్టు సోకిన బిడ్డ గది వదిలి వెళ్ళిన తర్వాత కూడా ఆ క్రిమి రెండు గంటల వరకు గాలిలో నిలిచి ఉండగలదు. తలుపులు మూసి ఏసీ నడిపే మడిగెలో టీకాకు వచ్చిన పసికందును, జ్వరంతో దద్దుర్లు తేలిన బిడ్డను ఒకే బెంచీపై కూర్చోబెట్టడం ప్రమాదకరం. రెండు గదులు లేకపోతే రెండు వేళలు పెట్టవచ్చు. ఉదయం టీకాలకు, సాయంత్రం రోగులకు. వెనుక గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను అమర్చడం పెద్ద ఖర్చు కాదు. పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. ఇటువంటి చోట ఆయాసంతో వచ్చే బిడ్డకు నెబ్యులైజరు మాస్కు తొడగడానికి అందరి మధ్యా కాక, తల్లి ఒడిలో కూర్చునే ఒక నిశ్శబ్దమైన మూల ఉండాలి.

సూది వేసే చోటు మరీ ముఖ్యం. బిడ్డను బల్లపై వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు అదిమిపట్టే పద్ధతి భయాన్ని రెట్టింపు చేస్తుంది. తల్లి లేదా తండ్రి ఒడిలో నిటారుగా కూర్చోబెట్టాలని, పాలు తాగే బిడ్డకు పాలిస్తూనే టీకా వేయవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. అంటే ఆ గదిలో ఇనుప బల్ల కన్నా ముందుగా కావలసింది చేతులున్న ఒక కుర్చీ, దాని చుట్టూ ఒక పరదా. పరదా లేని చోట పాలివ్వడానికి జంకే తల్లులు మన ఇళ్లలో ఎందరో! ఆ ఒక్క గుడ్డ తల్లి మర్యాదను కాపాడుతుంది, బిడ్డ నొప్పిని తగ్గిస్తుంది.

ఈ ఆలోచన మన సంప్రదాయానికి కొత్త కాదు. 1154లో డమాస్కస్‌లో నూరుద్దీన్ స్థాపించిన వైద్యశాల నడుమ ఆరుబయలు, నీటి కొలను ఉన్నాయి. ఆ కట్టడం నేటికీ నిలిచే ఉంది. దైవప్రవక్త (సఅసం) సామూహిక నమాజులో బిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు తల్లడిల్లుతుందని ప్రార్థనను కుదించేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అంతటి ఆరాధనలోనే పసివాడి ఏడుపుకు చోటు లభించినప్పుడు, మన బెంచీలు, బల్లలు కొంచెం జరగలేవా?

మస్జిద్ కమిటీలు, సేవా సంస్థలు ఉచిత క్లినిక్కులు నెలకొల్పేటప్పుడు మందులకు, పరికరాలకు విరాళాలు సేకరిస్తాయి. ఆ లెక్కలో ఒక కుర్చీని, ఒక పరదాను, పిల్లలకు అందే ఎత్తులో చేతులు కడుక్కునే కుళాయిని, తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా లిపులతోపాటు బొమ్మలతో సూచించే బోర్డులను కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాము. చదువురాని తల్లి, భాష తెలియని తల్లి ఎవరినీ అడగకుండానే దారి తెలుసుకోగలిగితే అది మంచి వైద్యశాల.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. వైద్యశాలలోని మొదటి గది మన ఇంట్లోనే ఉంది. ‘అన్నం తినకపోతే డాక్టరు చేత సూది వేయిస్తా’ అని మనం బెదిరించిన ప్రతిసారీ ఆ గది గోడలకు నలుపు పూస్తున్నాము. ‘సూది వేయరులే’ అని అబద్ధమాడి తీసుకువెళ్లినప్పుడు బిడ్డ నమ్మకాన్నే పోగొట్టుకుంటున్నాము. కొంచెం నొప్పి ఉంటుందని, తాము పక్కనే ఉంటామని నిజం చెప్పే అమ్మానాన్నలు ఉంటే, ఎంత ఇరుకు మడిగె అయినా బిడ్డకు కాస్త విశాలంగానే తోస్తుంది.