ఇంటింటి విజ్ఞానం: నెల తప్పక ముందే కావలసిన కాపలా

సింధనూరు తాలూకాలోని ఒక క్యాంపు నుండి ఒక హైస్కూలు విద్యార్థిని ఈ శీర్షికకు ఉత్తరం వ్రాసింది. బడిలో జరిగే విజ్ఞాన ప్రదర్శనకు "గర్భంలోని పిండాన్ని హానికర పదార్థాల నుండి కాపాడుట" అనే విషయం తీసుకున్నదట. ఏమి చూపించాలని అడిగింది. ఇది మన ఇళ్లన్నింటికీ పనికివచ్చే విషయం గనుక జవాబు అందరికీ వ్రాస్తున్నాను.

మాయ అడ్డుగా ఉన్నది గదా, చెడు బిడ్డ దాకా పోదని ఒకప్పుడు వైద్యులలో కూడ చాలామంది నమ్మేవారు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడొమైడ్ అనే నిద్రమందు అమ్మకానికి వచ్చింది. వేవిళ్లకు కూడ వాడారు. తల్లులు క్షేమంగానే ఉన్నారు గాని, లోకమంతటా పదివేలకు పైగా శిశువులు కాళ్లు చేతులు ఎదగక పుట్టారు. 1961 నవంబరులో అక్కడ ఆ మందును ఆపివేశారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి, రుజువులు చాలవని అనుమతి నిరాకరించింది. ఫైలు మీద సంతకం చేయకపోవడం కూడ ఒక్కొక్కప్పుడు దేశసేవే!

ఇక మన తెలుగువాని సంగతి. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లం తయారైంది. ఇది ఆకుకూరలలో, పప్పులలో ఉండే విటమిను. దానిని పనిచేయనీయని అమినాప్టెరిన్ అనే మందు కూడ అక్కడే తయారైంది. పిల్లల రక్తపు క్యాన్సరుకు అది కొంత ఉపశమనమిచ్చింది గాని, గర్భిణికి ఇస్తే పిండం నశించడమో, అవయవలోపం కలగడమో జరుగుతుందని 1952లో వెల్లడైంది. ఒకే ఇంట పుట్టిన రెండింటిలో ఒకటి లేకపోతే పిండానికి ముప్పు, రెండవది ఉంటే ముప్పు.

ఆ తరువాత 1991లో బ్రిటన్ వైద్య పరిశోధక మండలి ఏడు దేశాలలో నడిపిన పరీక్ష ఫలితం వచ్చింది. వెన్నుపాము లోపమున్న బిడ్డను ఒకసారి కన్న తల్లులు, మళ్లీ గర్భం రాకముందు నుండే ఫోలిక్ ఆమ్లం పుచ్చుకుంటే, ఆ లోపం నూటికి 72 పాళ్లు తగ్గింది. కీలకమంతా "ముందు నుండే" అన్న మాటలో ఉన్నది. మెదడు, వెన్నుపాము కావలసిన గొట్టం పిండం ఏర్పడిన 28 రోజులకే మూసుకుంటుంది. నెల తప్పింది, చూద్దాం అనుకునే లోపలే ఆ పని ముగిసిపోతుంది. అందుకే బిడ్డను కోరుకునే స్త్రీ కనీసం ఒక నెల ముందు నుండి, మూడు నెలలు నిండేవరకు రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలంటారు. మాత్ర, మోతాదు డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

ప్రదర్శనకు పెసలు చాలు. గింజలో ఉన్నదీ పిండమే. నాలుగు పళ్లాలలో తడిగుడ్డ మీద ఇరవయ్యేసి గింజలు వేయి. ఒకదానికి మంచినీరు, తక్కిన వాటికి లీటరుకు 5, 10, 20 గ్రాముల ఉప్పు కలిపిన నీరు పోయి. నాలుగు రోజులు మొలకలు లెక్కించి, పొడవు కొలిచి పట్టిక వ్రాయి. ఉప్పు పెరిగినకొద్దీ మొలక ఎట్లా కుంటుపడుతుందో అందరికీ కనిపిస్తుంది. పురుగుమందుతో మాత్రం ఈ ప్రయోగం చేయవద్దు, తల్లీ.

చివరగా పెద్దలకు ఒక మాట. ఫోలిక్ మాత్ర పురుగుమందుకు విరుగుడు కాదు. తుంగభద్ర కాలువ క్రింద వరికి మందు కొట్టేది మనం, ఆ బట్టలు ఉతికేది కోడలు. ఆమెకు నెల తప్పిన సంగతి ఆమెకే తెలియని రోజులవి. కాబట్టి మందు కొట్టినవాడే తన బట్టలు విడిగా ఉతుక్కోవాలి. స్నానం చేశాకే పిల్లలను దగ్గరకు తీయాలి. మందు డబ్బాలు వంటింటి ఛాయలకు రానీయరాదు. కొత్త కోడలు నాట్లకు, కలుపుకు పోతే, ఆ మడిలో ఎప్పుడు మందు కొట్టారో ముందుగా అడిగి పంపాలి. జాగ్రత్త పడవలసింది ఆమె ఒక్కతే కాదు, ఇల్లంతా.