విచ్చుకొన్న గొడుగు క్రింద

2025 జనవరి 2వ తేదీన విశాఖపట్టణములోని రామకృష్ణా బీచి జనముతో నిండియున్నది. రెండు దినముల తరువాత నౌకాదళము జరుపనున్న విన్యాసములకు అది పూర్వాభ్యాసము. పారాచూటులతో ఆకాశమునుండి దిగివచ్చుచున్న ఇద్దరు నౌకాదళ అధికారుల గొడుగులు ఒకదానితో ఒకటి పెనవేసికొన్నవి. తీరమున నిలిచినవారు చూచుచుండగనే ఆ ఇద్దరును గిరగిర తిరుగుచు వచ్చి సముద్రములో పడిరి. నౌకాదళపు పడవలవారు వారిని చేరుకొని పైకి తీసిరి. ప్రాణాపాయము తప్పినది. ఆ దృశ్యము చేతిఫోనులలో ఊరూర తిరిగినది. వరంగల్లులో నేను తరగతిలో అడుగుపెట్టగనే వెనుక వరుసలోని విద్యార్థి ఒకడు వేసిన ప్రశ్న ఇది: "పారాచూట్ తెరుచుకోలేదా సార్?"

తెరచుకొన్నది. రెండును తెరచుకొన్నవి. చిక్కు వచ్చినది ఆ తరువాతనే. కాని ఆ విద్యార్థిని తప్పుపట్టుటకు వీలులేదు. ఆకాశమునుండి దుమికినవానికి ఏ ఆపద కలిగినను దానిని చెప్పుటకు మన వాడుకలో ఒకే వాక్యము ఉన్నది: పారాచూటు విచ్చుకొనలేదు. బావిలో జారిపడినవాడు, బావిలోనికి దూకినవాడు, బావిలోనికి త్రోయబడినవాడు, ఈ ముగ్గురికిని మనము మూడు క్రియలు వాడుచున్నాము. గగనమున జరుగుదానికి మాత్రము ఒక్క క్రియతో సరిపెట్టుకొనుచున్నాము. నేను భాష చెప్పువాడనే గాని విమానమునుండి దుమికినవాడను కాను. అయినను ఈ ఒక్క వాక్యము మనలను ఎంత దూరము తప్పుదారి పట్టించుచున్నదో తెలిసికొనుటకు దుముకనక్కరలేదు. ఆ విద్యలో ఆరితేరినవారు తమలో తాము చెప్పుకొను జాగ్రత్తలను కొంత ఓపికతో చదివిన చాలును.

ముందుగా వారి వీపుమీది సంచిని చూతము. అందులో ఉండునది ఒక గొడుగు కాదు, రెండు. ఒకటి ప్రధానమైనది, రెండవది ఆపదలో ఆదుకొనుటకు. మొదటిదానిని దుముకువాడే మడచుకొనవచ్చును. రెండవదానిని మడచుటకు ప్రత్యేకముగ శిక్షణ పొంది అనుమతిపత్రము గల నిపుణుడు కావలెను. అమెరికాలో 180 దినములకొకసారి దానిని విప్పి, పరీక్షించి, మరల మడచి, సీలువేసి, ఆ సంగతి వ్రాసి సంతకము చేయవలెనని నిబంధన. ప్రధానమైన గొడుగు సరిగా విచ్చుకొననిచో దానిని పట్టుకొని వ్రేలాడరాదు. ముందు దానిని వదిలించుకొనవలెను, పిమ్మట రెండవదానిని తెరువవలెను. వదిలించుటకు ఒక పిడి, తెరచుటకు వేరొక పిడి. ఈ వరుస తప్పినచో విచ్చీ విచ్చని మొదటి గొడుగులో రెండవది చిక్కుకొనవచ్చును.

1970ల నడుమ బిల్ బూత్ అను అమెరికనుడు ఒకదానిలోనుండి ఒకటి దూర్చిన మూడు లోహపు కడియములతో, ఈ వదిలించుకొను పని ఒక్క లాగుతో ముగియునట్లు చేసినాడు. పెద్ద కడియముపై పడు బరువును తక్కిన రెండును మెట్టుమెట్టుగా తగ్గించి, చివరకు ఒక చిన్న దారపు ఉచ్చు ఆపగలిగినంతకు తెచ్చును. భౌతికశాస్త్రోపాధ్యాయులు లీవరు పాఠము చెప్పునపుడు దీనిని బల్లపై గీసి చూపవచ్చును. 1991లో జర్మనీనుండి సైప్రెస్ అను చిన్న యంత్రము వచ్చినది. దుముకువాడు స్పృహ తప్పినను, ఆటలో మునిగి ఎత్తు మరచినను, నేలకు సుమారు 225 మీటర్ల పైన అతడింకను వడిగా పడుచున్నాడని అది గ్రహించి, తనంతట తానే రెండవ గొడుగును తెరచును. పొట్ట నేలవైపు చాచి పడుచున్న మనిషి వేగము గంటకు సుమారు 200 కిలోమీటర్లు. ఆ లెక్కన 225 మీటర్లనగా మిగిలియున్నది నాలుగు సెకండ్లు.

మొదటిది విఫలమగునని ముందే అనుకొని రెండవదానిని అమర్చుట ఈ విద్యకు పునాది. మన శ్రీహరికోట దగ్గర 2025 ఆగస్టు 24న గగనయాన నౌకకు జరిగిన పరీక్షలో గూడ ఈ పునాదియే కలదు. వాయుసేన హెలికాప్టరు మోసికొనిపోయి విడిచిన నమూనా నౌక పారాచూటులపై దిగివచ్చినది. ఆ ఏర్పాటులో మూడు ప్రధానమైన గొడుగులుండును. రెండు విచ్చుకొన్నను నౌక క్షేమముగ దిగగలదు.

ఇట్టి పరికరముల వలన ప్రాణములు నిలిచినవనుటకు సందేహము లేదు. అమెరికా పారాచూటు సంఘమువారి లెక్కల ప్రకారము 1961లో ఆ దేశమున ఈ క్రీడలో మరణించినవారు 14 మంది. క్రీడ వ్యాపించిన 1970లలో ఆ సంఖ్య సగటున ఏటికి నలుబది దాటినది. 2024లో దాదాపు 38 లక్షల 80 వేల దుముకులు జరుగగా మరణించినవారు 9 మంది. బూత్ ఒక మాట అనుచుండెడివాడు: పరికరము ఎంత భద్రమైనచో దుముకువాడు అంతకంత తెగించును, కనుక మరణముల పాలు మారదు అని. పై లెక్కలు చూచినచో ఆయన మాట సగమే నిజమైనదని నాకు తోచుచున్నది. పాలు తగ్గినది. మారినది మరణించు తీరు. గొడుగు విచ్చుకొనకపోవుట వలని చావులు అరుదైనకొద్దీ, మిగిలినవాటిలో చక్కగా విచ్చుకొన్న గొడుగు క్రింద, నేలకు చేరువలో కలుగు చావుల వాటా పెద్దదైనది.

ఇదెట్లనిన, పూర్వపు గొడుగు గుండ్రనిది. గాలి ఎటు తీసికొనిపోయిన అటు పోవును. 1960లలో డొమినా జల్బర్ట్ అను ఆయన, గాలి నింపుకొని విమానపు రెక్కవలె ఆకృతి దాల్చు గుడ్డరెక్కను కనిపెట్టినాడు. నేటి క్రీడాకారులు వాడునది దాని సంతతియే. నిజమునకు దానిని గొడుగు అనరాదు. అది రెక్క. కుడిత్రాడు లాగిన కుడికి తిరుగును, ఎడమత్రాడు లాగిన ఎడమకు తిరుగును, ముందునకు పరుగెత్తును. నేల సమీపించినపుడు రెండు త్రాళ్లను కలిపి లాగినచో వేగము చచ్చి మనిషిని మెల్లగా నిలుపును. ఇంత చెప్పినట్లు వినుటయే దానిలోని ఆపద. సంక్రాంతికి గాలిపటము ఎగురవేసిన పిల్లవానికి ఈ సంగతి వివరింపనక్కరలేదు. పటము తల క్రిందికి తిరిగియున్నపుడు దారము గుంజినచో అది క్రిందికే దూసికొనిపోవును. పైన చోటున్నచో సర్దుకొనును, మిద్దెకు దగ్గరగా ఉన్నచో పిట్టగోడకు కొట్టుకొనును. గుడ్డరెక్కను గట్టిగా త్రిప్పినను అంతే. తిరుగుచు అది నేలవైపు దూకును. మరల నిలదొక్కుకొనుటకు దానికి ఎత్తు కావలెను.

నేలకు దగ్గరగా ఇట్లు త్రిప్పువారు ఎవరు? క్రొత్తగా నేర్చుకొనువానికి పెద్ద గొడుగు ఇత్తురు. అది నెమ్మదిగా దిగును. నేలమీదినుండి గురువు రేడియోలో చెప్పుచుండును. వందలకొలది దుమికినవాడు చిన్న గొడుగు కొనుక్కొనును, ఏలయనగా అది చురుకుగా ఉండును. అదే బరువును చిన్న గుడ్డ మోయవలసివచ్చినపుడు వేగము పెరుగును, తప్పు సవరించుకొను వ్యవధి తరుగును. అందువలననే ప్రవీణుల సలహాలలో పెక్కు క్రొత్తవారికి కాక ప్రవీణులకే ఉద్దేశింపబడినవి. ఒక్కొక్క మెట్టుగా తప్ప చిన్న గొడుగునకు పోవలదందురు. నెలల తరబడి దుముకక మరల వచ్చినవాడు మరల అభ్యాసము చేయవలెనందురు. సంచి తగిలించుకొనుటకు ముందొకసారి, విమానమెక్కుటకు ముందొకసారి, తలుపు తెరచుటకు ముందొకసారి, మూడుమార్లు పట్టీలను, పిడులను, మొలలను చూచుకొనవలెనందురు. ఏ ఎత్తున నిర్ణయము తీసికొనవలెనో నేలమీదనే నిశ్చయించుకొని, ఆ ఎత్తు దాటిన తరువాత ఆలోచన మానవలెనందురు. ఇవన్నియు మొదటి దినమున చెప్పు పాఠములే. వేయవ దినమున మరల చెప్పవలసివచ్చుటలో ఈ విషయమంతయు ఉన్నది.

గొడుగు విచ్చుకొన్న వెంటనే చేయవలసినది నేలవైపు చూచుట కాదు, చుట్టును చూచుట. ఎదురెదురుగా వచ్చినచో ఇద్దరును కుడికి తిరుగవలెను. క్రింద ఉన్నవానికి పైవాడు దారి ఈయవలెను. పదిమంది ఒకే చిన్నచోట దిగవలసిన ప్రదర్శనలలో రెక్కలన్నియు ఒకేవైపు వచ్చును గనుక ఈ మర్యాద మరింత ముఖ్యము. అయినను చుట్టుకొన్నచో? ఇక్కడ వారి శాసనము భాష చెప్పువానిగా నన్ను ఆకర్షించినది. ఏ పిడినైనను లాగుటకు ముందు ఇద్దరును మాటలాడుకొనవలెనట. ఎత్తెంత ఉన్నదో, ఎవరు ముందు వదిలించుకొందురో కేకవేసి చెప్పుకొనవలెను. చెప్పక ఒకడు తొందరపడినచో రెండవవానికి ముప్పు. వదిలించుకొనుటకు ఎత్తు చాలనిచో ఇద్దరును తమ రెండవ గొడుగులను తెరువవలెను. క్రింద నీరున్నచో ఇంకొక పాఠము. పైనుండి చూచువానికి నీటిమీద ఎత్తు తెలియదు. కాళ్లు నీటిని తాకువరకు పట్టీలనుండి జారిపోరాదు, ముందే విడిచినవాడు తాననుకొన్నదానికంటె ఎంతో ఎత్తునుండి పడును. తడిగుడ్డ మీద కప్పుకొన్నచో ఊపిరి బిగబట్టి, ఒక కుట్టువెంట చేతులతో లాగుకొనుచు అంచు చేరవలెను.

ఈ పాఠములు కొన్ని ప్రాణముల వెలతో వచ్చినవే. 2023 ఏప్రిల్ 5న పశ్చిమ వంగములోని పానాగఢ్‌లో శిక్షణలో దుముకుచు మన విజయనగరము జిల్లాకు చెందిన నౌకాదళ కమాండో ఒకరు మరణించినారు. 2025 ఏప్రిల్ 5న, సరిగా రెండేండ్లకు, ఆగ్రాలో వాయుసేనవారి ఆకాశగంగ బృందమునకు చెందిన శిక్షకులొకరు ప్రదర్శన దుముకులో గాయపడి ప్రాణములు విడిచినారు. ఆ బృందము 1987లో ఏర్పడినది. ఇతరులకు నేర్పువారే అందులో ఉందురు. బోధించువాడు పోయినాడన్న వార్త తక్కిన వార్తలకంటె నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచినది.

ఇట్టివానిపై సేనలలో విచారణ జరుగును. విచారణలో తేలినది సామాన్యముగా గోడలు దాటి రాదు. దేశరక్షణకు సంబంధించిన దానిని దాచుకొనుట న్యాయమే. కాని మడతలో తప్పా, పట్టీలో తప్పా, ఎత్తు మరచుటయా, ఆలస్యముగ లాగుటయా అన్నది శత్రువునకు పనికివచ్చు రహస్యము కాదు. అమెరికాలోని సంఘమువారు ప్రతి మరణమును పేరు చెప్పకయే, ఎన్ని దుముకుల అనుభవము గలవాడు, ఏ గొడుగు, ఎంత ఎత్తు, ఏమి చేసినాడు, ఏమి చేసియుండవలసినది అని తమ పత్రికలో వ్రాయుదురు. చదువుటకు కటువుగా ఉండును. పైన నేను చెప్పిన జాగ్రత్తలకు ప్రాణము పోయునది అట్టి వ్రాతలే. మన వద్ద చదువరికి దక్కునది ఆ ఒక్క వాక్యము.

ఇది సేనలకు పరిమితమైన మాటయైనచో నేనింత వ్రాయకపోదును. కేంద్ర పౌరవిమానయాన శాఖ 2022 జూన్‌లో గగనక్రీడల జాతీయ విధానమును ప్రకటించినది. దుముకుడు అందులో ఒక క్రీడ. హైదరాబాదు శివారు గండిపేటలో గాలిగొట్టము వంటి గదిలో తేలియాడు ఏర్పాటు వచ్చినది. క్రిందినుండి వీచు గాలిలో దేహమును ఎట్లు నిలుపవలెనో అక్కడ చక్కగా అలవడును. గొడుగు విచ్చుకొన్న తరువాతి పాఠము మాత్రము ఆ గదిలో లేదు, ఉండుటకు వీలును లేదు. మా మామునూరులో నిజాము కాలపు విమానాశ్రయమును తిరిగి నిలబెట్టుటకు 2025 ఫిబ్రవరి 28న కేంద్రము అనుమతి ఇచ్చినది. విమానములు వచ్చినచోటికి వాటిని ఆశ్రయించిన ఆటలును ఒకనాడు వచ్చును. నా తరగతిలోని పిల్లలు అప్పటికి సంపాదనపరులై టిక్కెట్టు కొనగలవారై ఉందురు.

ఎత్తునుండి పడుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. తాటిచెట్టెక్కు గౌడన్నలు మోకును నమ్ముకొని తరతరములుగా ఎక్కుచున్నారు. వారికొరకు 2024 జులై 14న రాష్ట్రప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేర పట్టీలు, త్రాళ్లు గల కిట్టులను పంచుట మొదలుపెట్టినది, వాడుట నేర్పినది. మంచి పని. "ముప్పయ్యేండ్లు లేనిది ఇప్పుడెందుకు?" అను పెద్దమనిషి ప్రతి ఊరిలోను ఉండును. ఆకాశమున వేయి దుముకులు దుమికినవాడును ఇతడును ఒకే పాఠశాలలో చదివినవారు. అతనికి కిట్టు ఒక్కటి ఇచ్చిన చాలదు. ప్రక్క ఊరిలో పడినవాడు ఏ అడుగువద్ద, ఏ ముడి జారి పడినాడో చెప్పవలెను. చెప్పినచో వినును, ఏలయనగా ఆ ముడి అతనికి తెలుసు.

గగనక్రీడలను నడుపు సంఘములకు అనుమతులిచ్చునపుడే ఈ షరతు పెట్టవలెను: పేర్లు వలదు, నింద వలదు, ప్రతి ప్రమాదమునకు ఒక పుట వివరణ ఆరు నెలలలోపల అచ్చుకావలెను, ప్రాంతీయభాషలలో గూడ రావలెను. తెలుగులో వ్రాయుటకు మాటలు చాలవని ఎవరైన అన్నచో, పిడి, పట్టీ, కడియము, మడత, ఉచ్చు, కుట్టు అను మాటలతోనే ఈ వ్యాసమంతయు నడచినదని మనవి చేయుదును. వెనుక వరుస విద్యార్థికి ఆనాడు నేను సగమే చెప్పగలిగితిని. గంట కొట్టినారు. వాడు లేచి నిలబడి, "అట్లయితే వాళ్లిద్దరు కింద పడేటప్పుడు మాట్లాడుకున్నరా సార్?" అని అడిగినాడు.