కొండలు లేని సీనరీ

మీ పిల్లల డ్రాయింగ్ పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. సీనరీ అనగానే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద వాగు, గుడిసె, కొబ్బరి చెట్టు. చిన్నప్పుడు మీరూ నేనూ వేసిందీ అదే.

కెనడా చిత్రకారుడు విలియం కురెలెక్ వేసిన పల్లె బొమ్మల్లో కొండలు కనిపించవు. ఆయన 1927లో ఆల్బర్టాలో పుట్టి, మానిటోబాలో ఒక పొలంలో పెరిగారు. ప్రెయిరీ అంటే చదునైన గడ్డి మైదానం. స్కేలు పెట్టి గీసినట్టు నేల, దానిపైన బోలెడంత ఆకాశం. 1973లో వచ్చిన ఆయన పిల్లల పుస్తకం 'ఎ ప్రెయిరీ బాయ్స్ వింటర్'లో 20 బొమ్మలున్నాయి. చలికాలం ముందు కాకులు వెళ్ళిపోవడంతో మొదలై, అవి తిరిగి రావడంతో ముగుస్తుంది. మధ్యలో గడ్డి మోయడం, ఆవులకు నీళ్ళు పెట్టడం, స్కూలు పిల్లల మంచు ఆటలు. పల్లె ఎంత అందమో అని మురిపించే బొమ్మలు కావవి. అక్కడి పని కనిపిస్తుంది, చేతులు కొంకర్లు పోయే చలి కనిపిస్తుంది.

ఆయన తండ్రి ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన రైతు. ఏడుగురు పిల్లల్లో పెద్దవాడు పొలం పనికి పనికిరాడని, బొమ్మలు కూడు పెట్టవని ఆయన బెంగ. 1930లలో పంటకు ధర లేని రోజులవి. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను. మీరు ఇంత ఫీజు కడుతున్నదీ అలాంటి భయంతోనే కదా. కానీ ఆ తండ్రి చేసిన కష్టాన్ని ఈరోజు మనం చూడగలుగుతున్నది కొడుకు వేసిన బొమ్మల్లోనే.

మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఐదో తరగతి పాప తన బొమ్మను వాళ్ళమ్మకు చూపించింది. తాతగారి ఊరు. కల్లంలో ఎర్రగా మిర్చి, పక్కన మడతపెట్టిన నీలం పట్టా, ట్రాన్స్‌ఫార్మర్, మోటారు దగ్గర తాత. "కొండలేవీ? సూర్యుడేడీ?" అన్నారామె. "యూట్యూబ్‌లో చూసి ఇంకా బాగా వేస్తుంది సార్." పాప పుస్తకం మూసేసింది.

నేనప్పుడు ఏమీ అనలేకపోయాను. ఇప్పుడంటున్నాను: ఆ పట్టా ఎందుకని పాపను అడగండమ్మా. రాత్రి వాన పడితే తాత లేచి మిర్చి మీద కప్పుతాడని చెబుతుంది. అది ఏ వీడియోలోనూ నేర్చుకోలేదు.

ఈ వేసవిలో ఊరెళితే పెన్సిలు పిల్లలకిచ్చి మీరు పక్కన కూర్చోండి. ఊరెళ్ళకపోతే బాల్కనీలోంచి కనిపించే వాటర్ ట్యాంకరైనా సరే. సరిదిద్దకుండా జూన్‌లో పంపండి. డ్రాయింగ్ గది గోడకు పెడతాను. మార్కులు వేయను.